చూడని ముఖానికి మట్టి రూపం
(తగడూరు చరిత్ర నేపథ్యంలో ఒక పరిశీలన)

చరిత్రలో కొందరికి పేరు మిగులుతుంది, ముఖం మిగలదు. వారు ఏలిన ఊరు నిలిచి ఉంటుంది, చేసిన దానం శాసనంలో ఉంటుంది, పొందిన కీర్తి కవుల పాటల్లో ఉంటుంది. కాని వారి కన్నులు ఎటువంటివో, నుదురు ఎంత విశాలమో, నవ్వినప్పుడు ముఖం ఎలా ఉండేదో చెప్పగలవారు ఎవ్వరూ ఉండరు. అట్టివారికి తరువాతి తరాలవారు విగ్రహం నిలపాలని సంకల్పించినప్పుడు శిల్పి ముందు ఉండేవి రెండే: ఒక పేరు, ఒక మట్టిముద్ద. ఆ ముద్దలో నుండి ఒక తల పుట్టాలి. పుట్టిన తరువాత ఆ తల ఆ పేరుకు ఎంతగా అతుక్కుపోతుందంటే, కొంతకాలానికి ప్రజలు దానిని ఊహ అని మరచిపోయి నిజరూపమనే నమ్ముతారు.

ఈ విషయాన్ని ఆలోచించడానికి ధర్మపురి కంటె తగిన ఊరు అరుదు. ఈ ఊరి ప్రాచీన నామం తగడూరు. తమిళ సంఘ సాహిత్యంలో ప్రసిద్ధుడైన అదియమాన్ నెడుమాన్ అంజి రాజధాని ఇదే. ఆయన ఆదరించిన కవయిత్రి అవ్వైయార్. దీర్ఘాయువునిచ్చే అరుదైన ఉసిరికాయ తనకు దొరికితే తాను తినక ఆమెకు ఇచ్చాడన్న కథ తమిళదేశంలో పసిపిల్లలకు కూడా తెలుసు. ధర్మపురికి సమీపాన సేలం దారిలో ఉన్న అదియమాన్‌కోట్టైలో ఈ ఇద్దరికీ స్మారక మందిరమున్నది, విగ్రహాలున్నవి. వాటిని చూసే విద్యార్థి అడగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఈ ముఖాలు ఎక్కడి నుండి వచ్చాయి?

పేరుకు సాక్ష్యమున్నది

మొదట అదియమాన్ చారిత్రకతను గురించి కొంత చెప్పుకోవాలి. క్రీ.పూ. మూడవ శతాబ్దంలో అశోక చక్రవర్తి వేయించిన శిలాశాసనాలలో రెండవది మనుషులకు, పశువులకు వైద్యసదుపాయాలు కల్పించడాన్ని గురించినది. అందులో ఆయన రాజ్యపు సరిహద్దులకు ఆవల ఉన్న చోళులు, పాండ్యులు, కేరళపుత్రులతోపాటు సతియపుత్రుల పేరు కూడా ఉన్నది. ఈ శాసనపాఠం మన తెలుగునాట, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా చెక్కి ఉన్నది. సతియపుత్రులెవరన్న విషయంలో పండితులు చాలాకాలం తర్జనభర్జన పడ్డారు. 1981లో తిరుక్కోయిలూరు ప్రాంతంలోని జంబై అనే గ్రామం వద్ద తమిళ బ్రాహ్మీ లిపిలో ఒక శాసనం వెలుగుచూసింది. సతియపుత్రుడైన అదియన్ నెడుమాన్ అంజి ఇచ్చిన గుహావాసమని దాని తాత్పర్యం. దానితో ఆ చర్చ దాదాపుగా ముగిసింది. పాటల్లోని వీరుడు, శాసనాల్లోని రాజవంశం ఒకటేనని తేలింది.

ఈ విధంగా పేరుకు రాతి సాక్ష్యం దొరికింది. ముఖానికి మాత్రం ఏ సాక్ష్యమూ లేదు. ఇది తగడూరు పాలకునికి మాత్రమే కలిగిన దురదృష్టం కాదు. శాతవాహనుల తొలి రాజులకు, రాణి నాగనికకు నానేఘాట్ కొండగుహలో శిల్పాలుండేవి. ఆ శిల్పాలు నశించిపోయినవి. వాటి పైభాగాన చెక్కిన పేర్లు మాత్రం నేటికీ ఉన్నవి. ముఖం పోయి పేరు మిగలడమంటే ఏమిటో అక్కడ కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. తరువాతి కాలపు శాతవాహన రాజులు వెండి నాణేల మీద తమ ముఖాలను ముద్రింపజేశారు గనుక వారి పోలికలు కొంతవరకు మనకు దక్కినవి. అదియమాన్‌కు అటువంటి నాణెమూ లేదు.

ముఖం లేని రాయి

అదియమాన్‌కు లభించిన మొదటి స్మారకం ఎటువంటిదో అవ్వైయార్ పాటే చెబుతున్నది. చేరరాజు పెరుంజేరల్ ఇరుంపొరై తగడూరును జయించిన సంగతి సంఘ సాహిత్యం వల్ల తెలుస్తున్నది. అదియమాన్ మరణించిన తరువాత ఆమె పాడిన శోకగీతాలు పురనానూరులో చేరి ఉన్నవి. అందులో ఒకదానిలో ఆయన కోసం నాటిన రాతిని ఆమె వర్ణించింది. ఆ రాతికి నెమలి ఈకలు కట్టారు, చిన్న పాత్రతో కల్లు వడకట్టి ధారపోశారు. దేశాన్నే ఇస్తామన్నా పుచ్చుకోనివాడు ఈ కొద్దిపాటి కల్లును స్వీకరిస్తాడా అని ఆమె వాపోయింది. ఆ పాటలో రాతి మీద ముఖం చెక్కిన ప్రసక్తి లేదు. నాటిన రాయి, కట్టిన ఈక, పోసిన కల్లు, వీటితోనే స్మరణ పూర్తయింది.

ఈ సంప్రదాయం ఈ ప్రాంతంలో శతాబ్దాల పాటు సాగింది. తమిళంలో నడుకల్ అని, తెలుగులో వీరగల్లు అని పిలిచే ఈ రాళ్ళకు ధర్మపురి ప్రాంతం ప్రసిద్ధి. ఊరిలోని ప్రభుత్వ మ్యూజియంలో వాటిని చూడవచ్చు. తరువాతి కాలపు వీరగల్లుల మీద వీరుని ఆకారం కనబడుతుంది. ఒక చేత విల్లో, కత్తో ఉంటుంది. పశువుల మందను కాపాడుతూ చనిపోయాడా, శత్రువుతో పోరాడి చనిపోయాడా అన్నది పైన చెక్కిన అక్షరాలు చెబుతాయి. కాని ఒక వీరునికీ మరొక వీరునికీ ముఖంలో భేదముండదు. ఫలానా వాడని గుర్తించడానికి ముఖం మీద ఆధారపడలేదు. పేరు, ఊరు, చేసిన పని, ఇవే గుర్తులు.

మన శిల్పశాస్త్రాల దృష్టి కూడా ఇంచుమించు ఇటువంటిదే. తాళమానం ప్రకారం ముఖం పొడవు పన్నెండు అంగుళాలు. ఇక్కడ అంగుళమంటే కొలబద్ద మీది అంగుళం కాదు, ఆ విగ్రహానికే చెందిన ప్రమాణం. జుట్టు మొదలు నుండి కనుబొమల వరకు నాలుగు, కనుబొమల నుండి ముక్కు చివర వరకు నాలుగు, అక్కడి నుండి గడ్డం వరకు నాలుగు అంగుళాలు. ఈ సమభాగాలతో దేవతామూర్తి ముఖం తయారవుతుంది. ఇది ఆదర్శరూపం. ఒక వ్యక్తికి మాత్రమే ఉండే వంకర ముక్కుకు, ఒక పక్కకు కొంచెం జారిన కనురెప్పకు ఇందులో చోటు లేదు. దేవతల ప్రతిమలు చేయడం శ్రేయస్కరమని, మర్త్యుల ప్రతిమలు ఎంత బాగా కుదిరినా శుభం కాదని శుక్రనీతి భావించింది. మామల్లపురంలోని ఆదివరాహ గుహలో పల్లవ రాజుల ప్రతిమలున్నప్పటికీ వారెవరో మనకు తెలిసింది ముఖాన్ని బట్టి కాదు, పైన ఉన్న శాసనాన్ని బట్టి. పోలిక కోసం ముఖాన్ని మలచాలన్న పట్టుదల మన దేశంలో ఎక్కువగా పెరిగింది ఆధునిక కాలంలోనే.

మట్టి తల తయారయ్యే క్రమం

ఆ ఆధునిక పద్ధతి చెన్నపట్టణంలో స్థిరపడడానికి ముఖ్య కారణం అక్కడి చిత్రశిల్ప పాఠశాల. 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ స్థాపించిన ఆ సంస్థకు 1929 నుండి 1957 వరకు దేవీప్రసాద్ రాయ్ చౌదురి అధిపతిగా ఉన్నారు. ఆ పదవిని చేపట్టిన మొదటి భారతీయుడాయన. మెరీనా తీరంలో 1959లో నెలకొన్న శ్రమవిజయ శిల్పం, గాంధీజీ విగ్రహం ఆయనవే. మట్టిలో రూపాన్ని మలచి, దానికి అచ్చు తీసి, కంచులో పోత పోసే విధానంలో ఆయన సిద్ధహస్తులు. నేటికీ మనం వీధుల కూడళ్ళలో చూసే కంచు విగ్రహాలలో ఎక్కువ భాగం మొదట మట్టి తలలే.

ఆ తల తయారయ్యే క్రమం తెలుసుకోదగినది. బరువైన చెక్కపీట మీద నిలువుగా ఒక ఇనుప కమ్మీ బిగిస్తారు. దాని పైభాగాన తీగెను గుడ్డు ఆకారంలో వంచి కడతారు. మెత్తని మట్టి తన బరువుకు తానే జారిపోకుండా ఈ చట్రం కాపాడుతుంది. మట్టిని రాళ్ళు, వేళ్ళు లేకుండా ఏరి, నానబెట్టి, తొక్కి పదును పట్టిస్తారు. తరువాత చట్రం మీద ముద్దలు ముద్దలుగా అద్దుతారు. మొదట వచ్చేది ముఖం కాదు, కపాలం. అనుభవం లేనివారు తొందరపడి కన్ను, ముక్కు, పెదవి చెక్కడం మొదలుపెడతారు. అనుభవజ్ఞుడు ముందుగా పుర్రె గుండ్రన, దవడ వెడల్పు, చెంప ఎముకల ఎత్తు, కంటిగుంటల లోతు కుదుర్చుకొంటాడు. ఎముక సరిగా కుదిరితే చర్మం దానంతట అదే కుదురుతుంది.

కొలతలకు కొన్ని గుర్తులున్నవి. ఎదిగిన మనిషి తల మొత్తం ఎత్తులో కన్నులు సరిగ్గా సగం దగ్గర ఉంటాయి. చాలామంది నుదుటిని చిన్నదిగా భావించి కన్నులను పైకి పెట్టడం పొరపాటు. రెండు కన్నుల నడుమ ఇంచుమించు మరొక కన్నంత ఎడముంటుంది. చెవి పైఅంచు కనుబొమ వరుసలో, కింది అంచు ముక్కు అడుగు వరుసలో ఉంటుంది. పక్క నుండి చూస్తే చెవి తల నడిమి గీతకు వెనుకగా ఉంటుంది. పీటను తిప్పుతూ అన్ని దిక్కుల నుండి, వెలుతురు మార్చి మార్చి చూస్తారు. కంటిపాప వద్ద కొంచెం మట్టి తవ్వి గుంట చేస్తే అందులో నీడ నిలిచి చూపు పుడుతుంది. పని ఆపిన ప్రతిసారీ తడిగుడ్డ కప్పాలి. లేకపోతే మట్టి ఎండి బీటలు వారుతుంది. తల పూర్తయిన తరువాత ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసి, ఆ అచ్చు ఆధారంగా మైనపు రూపం చేసి, మధూచ్ఛిష్ట విధానంలో మైనం కరిగించి కంచు పోస్తారు. మొదటి మట్టి తల సాధారణంగా అచ్చు తీసేటప్పుడే చెదిరిపోతుంది.

మనిషి ఎదుట కూర్చుంటే శిల్పి కొలుచుకొంటాడు. మనిషి లేనప్పుడు ఏం చేస్తాడు? మొదట గ్రంథాధారాలు వెదుకుతాడు. తరువాత ఆ వ్యక్తి పుట్టిన ప్రాంతపు మనుషుల ముఖాలను పరిశీలిస్తాడు. వయస్సు నిర్ణయించుకొంటాడు. యోధుడైతే మెడ కండరాలకు, కవి అయితే కన్నులకు, యోగి అయితే పెదవుల ప్రశాంతతకు ప్రాధాన్యమిస్తాడు. కేవలం మనస్సులో నుండి చేసిన తలకు ఒక ప్రమాదమున్నది. దాని కుడి ఎడమలు అద్దంలో వలె సమానంగా వచ్చి బొమ్మలాగా కనబడుతుంది. ప్రాణమున్న ఏ ముఖమూ అలా ఉండదు. అందువల్ల మంచి శిల్పులు ఊహాచిత్రానికి కూడా సజీవులైన మనుషులను ఎదుట నిలుపుకొంటారు. ఆ విధంగా ఎందరో మహాపురుషుల విగ్రహాలలో పేరు తెలియని సామాన్యుల చెంపలు, ముక్కులు, నుదురులు దాగి ఉన్నవి.

అవ్వైయార్ ఏ వయసు స్త్రీ?

ఊహాచిత్రంలో శిల్పి తీసుకొనే నిర్ణయం ఎంత బలమైనదో తెలుసుకోవడానికి అవ్వైయార్ రూపమే చాలు. 1968లో చెన్నైలో రెండవ ప్రపంచ తమిళ మహాసభ జరిగినప్పుడు మెరీనా తీరంలో నెలకొల్పిన విగ్రహాలలో అవ్వైయార్ విగ్రహమొకటి. చేత కర్ర పట్టిన వృద్ధురాలి రూపమది. పాఠ్యపుస్తకాల బొమ్మలలోనూ ఆమె వృద్ధురాలే. అంతకుముందు 1953లో జెమిని సంస్థ తీసిన ‘అవ్వైయార్’ చలనచిత్రంలో కె.బి. సుందరాంబాళ్ ధరించిన వృద్ధ పాత్ర కోట్ల మంది మనస్సులలో నిలిచిపోయింది.

అయితే అవ్వైయార్ అనే పేరుతో వేర్వేరు కాలాలలో ఒకరికంటె ఎక్కువమంది కవయిత్రులున్నారని పరిశోధకుల నిర్ణయం. ఆత్తిచూడి మొదలైన నీతిగ్రంథాలు రచించినామె అదియమాన్ కాలానికి ఎన్నో శతాబ్దాల తరువాతిది. బాలలకు నీతి బోధించిన అవ్వకు ముడతలు పడిన చెంపలు, తెల్లని జుట్టు సహజంగానే అమరాయి. తగడూరు సభలో పాడిన సంఘకాలపు అవ్వైయార్ వేరు. సంఘ సంకలనాలలో ఆమె పేర 59 పాటలున్నవి. వాటిలో ఒకదానిలో శత్రురాజు ఒక విరలిని, అంటే పాటపాడి ఆడే కళాకారిణిని, మీ దేశంలో పోరాడేవారున్నారా అని అడుగుతాడు. అక్కడ ఆమె కాటుక కన్నులు గల అలంకృత యువతిగా సంబోధింపబడింది. ఆ పాటలో మాట్లాడుతున్నది కవయిత్రి స్వయంగానే అని కొందరు, ఆమె కల్పించిన పాత్ర అని మరికొందరు భావిస్తారు. ఏదైనప్పటికీ తగడూరు నుండి తొండైమాన్ వద్దకు రాయబారిగా వెళ్ళి, అతని ఆయుధశాలను చూసి ఎత్తిపొడుపుగా పాడగలిగిన ఆ స్త్రీ కర్ర ఊతతో నడిచే ముసలమ్మ అనడానికి సంఘ సాహిత్యంలో బలమైన ఆధారం లేదు.

మరి ఆమెకు వృద్ధాప్యం ఎలా వచ్చింది? ఒక కారణం పేరులోనే ఉన్నది. తెలుగులో మనం అవ్వ అంటే తల్లి తల్లి, లేదా వయసు మీరిన స్త్రీ. తమిళంలో అవ్వై అన్న మాటకు తల్లి, పూజ్యురాలు అన్న అర్థాలున్నవి. గౌరవవాచకం వయస్సును తెచ్చిపెట్టింది. పెండ్లి తప్పించుకొనడానికి ఆమె వినాయకుని ప్రార్థించి యవ్వనంలోనే వార్ధక్యం పొందిందని ఒక జానపద కథ కూడా ఉన్నది. ఆమె మొదట యువతియే అన్న జ్ఞాపకం ఆ కథలో కూడా మిగిలి ఉండడం గమనార్హం. శిల్పి యువతి ముఖం చేస్తే చూసేవారు ఆమెను గుర్తించరు. వృద్ధురాలి ముఖం చేస్తే గుర్తిస్తారు, కాని తగడూరు కవయిత్రి వెనక్కు జరిగి నీతిబోధకురాలైన మరొకామె ముందుకు వస్తుంది. ఒక స్త్రీ రాజసభలో నిలిచి రాజనీతి నెరపిన చరిత్ర, పిల్లలకు సుద్దులు చెప్పిన అవ్వ చరిత్రగా మారిపోతుంది. మట్టిలో నాలుగు ముడతలు గీయడం ఇంత పెద్ద విషయం!

ఆధారం ఉన్నచోట

పోలికకు ఆధారమున్న సందర్భాలను కూడా చూడాలి. ధర్మపురితోనూ, తెలుగువారితోనూ సమానంగా సంబంధమున్న సర్ థామస్ మన్రో అందుకు తగిన ఉదాహరణ. 1792లో టిప్పు సుల్తాను నుండి బారామహల్ ఈస్టిండియా కంపెనీ వశమైనప్పుడు, కెప్టెన్ రీడ్ కింద సహాయకుడిగా పనిచేస్తూ మన్రో 1799 వరకు ఈ ప్రాంతంలో గడిపాడు, ధర్మపురిలో నివసించాడు. 1800 నుండి 1807 వరకు దత్తమండలాల కలెక్టరుగా ఉన్నాడు. 1820లో మద్రాసు గవర్నరై, 1827 జూలై 6న కర్నూలు ప్రాంతపు పత్తికొండలో కలరా సోకి మరణించాడు. అశోకుని శాసనమున్న ఎర్రగుడి అక్కడికి సమీపానే ఉన్నది. రాయలసీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు.

ఆయన మరణానంతరం ప్రజల చందాలతో విగ్రహం చేయించడానికి లండనులోని ఫ్రాన్సిస్ చాంట్రీ అనే శిల్పికి పని అప్పగించారు. మనిషి లేడు. బ్రతికి ఉన్నప్పుడు గీసిన చిత్రమే ఆధారం. చాంట్రీ పద్ధతి కూడా మట్టి నుండి ప్లాస్టర్, ప్లాస్టర్ నుండి కంచు. 1839లో మద్రాసులో నెలకొన్న ఆ అశ్వారూఢ విగ్రహం నేటికీ ఉన్నది. రౌతు పాదాలకు రికాబులు లేకపోవడం గురించి జనం ఎన్నో కథలు అల్లుకొన్నారు. ముఖం గురించి మాత్రం ఎవరూ కథలు అల్లలేదు, ఎందుకంటే అది తెలిసిన ముఖం.

శ్రీకృష్ణదేవరాయల విషయం మరింత ఆలోచింపజేసేది. తిరుమలలో రాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలిచిన లోహ ప్రతిమలు నేటికీ ఉన్నవి. అవి ఆయన కాలానివే. అంతేకాక 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ రాయలను కళ్ళారా చూసి వర్ణించాడు. మధ్యరకపు ఎత్తు, తెల్లని ఛాయ, సన్నదనం కంటె కొంచెం లావు, ముఖం మీద మశూచి మచ్చలు. ఇంత స్పష్టమైన వర్ణన దొరికే ప్రాచీన రాజులు అరుదు. అయినప్పటికీ మన కాలపు విగ్రహాలలో, చిత్రాలలో, సినిమాలలో ఎక్కడా ఆ మచ్చలు కనబడవు. ఆధారం లేనిచోట ఊహించడం అవసరం. ఆధారమున్నచోట దానిని తుడిచివేయడం అభిమానం. మచ్చలున్న ముఖంతోనే ఆయన ఆముక్తమాల్యద రచించాడు, రాజ్యాలు గెలిచాడు. ఆ మచ్చలు చూపినందువల్ల ఆయన కీర్తి తరగదు.

1986 ప్రాంతంలో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద తెలుగు ప్రముఖుల విగ్రహాలు వరుసగా వెలసినవి. నన్నయ, తిక్కన, ఎర్రన, పోతన, మొల్ల వంటివారి నిజరూపం ఎవరికీ తెలియదు. వాటిలో చాలా ముఖాలు శిల్పుల ఊహలే. 2011 మార్చి 10న తెలంగాణ ఉద్యమ సందర్భంలో వాటిలో అనేకం ధ్వంసమైనవి. తరువాత వాటిని తిరిగి నెలకొల్పారు. ఎవరి ముఖాలు నిలపాలి, ఎవరి ముఖాలు మరుగునపడ్డాయి అన్న ప్రశ్న ఎంత లోతైనదో ఆ ఘటన వెల్లడించింది. ఊహించిన ముఖమైనా సరే, ఒకసారి కూడలిలో నిలిచిన తరువాత అది కేవలం లోహమో, రాయో కాదు.

పుర్రె మీద మట్టి

ఊహకు, పోలికకు మధ్య మూడవ మార్గమొకటి పాశ్చాత్యదేశాలలో ఏర్పడింది. 1894లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో సంగీతకారుడు బాహ్‌దని భావించిన అస్థిపంజరం బయటపడినప్పుడు, విల్‌హెల్మ్ హిస్ అనే శరీరశాస్త్రవేత్త మృతదేహాల ముఖాలలో ఏ చోట ఎంత మందాన కండ ఉంటుందో కొలిచాడు. ఆ కొలతల ప్రకారం కార్ల్ సెఫ్నర్ అనే శిల్పి పుర్రె నమూనా మీద మట్టి అద్ది ముఖం చేశాడు. తరువాత సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ గెరాసిమోవ్ ఈ విద్యను పెంపొందించి, 1941లో సమర్‌కందులో తెరచిన తైమూరు సమాధిలోని పుర్రె ఆధారంగా అతని ముఖాన్ని మలిచాడు.

ఈ విద్య ఇప్పుడు తమిళనాడుకు కూడా వచ్చింది. కీళడి సమీపంలోని కొందగై శ్మశానవాటికలో దొరికిన రెండు పుర్రెల ఆధారంగా, మదురై కామరాజ్ విశ్వవిద్యాలయ సహకారంతో ఇంగ్లండులోని లివర్‌పూల్ జాన్ మూర్స్ విశ్వవిద్యాలయం వారు ఇద్దరు పురుషుల ముఖాలను పునర్నిర్మించారు. 2025లో అవి ప్రజల ముందుకు వచ్చినవి. అక్కడ మట్టికి బదులు కంప్యూటరు తెర, కాని పద్ధతి అదే: మొదట ఎముక, తరువాత కండ, చివర చర్మం. ఎముక చెప్పలేనివి అక్కడ కూడా ఉన్నవి. పెదవుల మందం, చెవి ఆకారం, జుట్టు తీరు, కనుబొమల ఒత్తు, ఇవి కొంతవరకు ఊహే. ఆ ఇద్దరికీ ముఖం దొరికింది, పేరు దొరకలేదు. అదియమాన్‌కు పేరున్నది, పుర్రె లేదు. చరిత్ర ఒక్కొక్కరికి ఒక్కొక్కటి మిగుల్చుతుంది.

కుమ్మరివారి ముఖాలు

విద్యాసంస్థలలో నేర్పే శిల్పం కంటె చాలా ముందు నుండి ఈ ప్రాంతంలో మట్టి ముఖాలు చేసినవారు కుమ్మరులు. సేలం, ధర్మపురి ప్రాంతాలలో ఊరి వెలుపల ఉండే మునియప్పన్ గుడుల వద్ద గుర్రాలు, కావలి వీరులు కనబడతారు. మొక్కుబడిగా సమర్పించే కాల్చిన మట్టి బొమ్మల తలలు బోలుగా ఉంటాయి. గట్టి ముద్దగా చేస్తే లోపలి తేమ ఆవిరై ఆవంలో పగిలిపోతుంది. నీడలో నిదానంగా ఆరబెట్టాలి. ఎండి కాలిన తరువాత పరిమాణం పదోవంతు వరకు తగ్గుతుంది గనుక ముందుగానే కొంచెం పెద్దదిగా చేస్తారు. గుడ్లురిమే కన్నులు, మెలిదిరిగిన మీసం, ఇవి ఎవరి పోలికలూ కావు. కావలి కాసేవాడు ఎలా ఉండాలో ఊరి మనస్సులో ఉన్న రూపమది. పాతవి శిథిలమైతే మట్టిలో కలుస్తాయి, కొత్తవి వస్తాయి. ఈ ముఖమే శాశ్వతమని ఎవరూ పట్టుబట్టరు.

ఈ వినయం ఆధునిక విగ్రహాలకు కూడా అవసరం. తిరువళ్ళువర్ విషయం చూడండి. ఆయన రూపం ఎవరికీ తెలియదు. కె.ఆర్. వేణుగోపాల శర్మ అనే చిత్రకారుడు గీసిన గడ్డపు ఋషి రూపం ప్రభుత్వామోదం పొంది, కార్యాలయాలలో, బడులలో, బస్సులలో వ్యాపించింది. ఆ విధంగా ఒక ఊహ కోట్ల మందికి సాధారణ జ్ఞానమైంది. వేమనకు మనం కల్పించుకొన్న రూపం కూడా ఇటువంటిదే. ఆయన పద్యాలు మన నోట ఉన్నవి గాని ముఖం మన కల్పన.

విద్యార్థులు గ్రహించవలసినది

ఊహాచిత్రం అబద్ధమా? కాదు. ముఖం లేని మనిషిని ప్రేమించడం సామాన్యులకు కష్టం. పిల్లవాడు విగ్రహం ముందు నిలిచి ఈయనెవరు అని అడిగినప్పుడే చరిత్ర పాఠం మొదలవుతుంది. అయితే ఆ పాఠం అక్కడే ఆగిపోకూడదు. ఇది ఎవరు చేశారు, ఏ ఆధారంతో చేశారు, ఏ వయస్సును ఎన్నుకొన్నారు, దేనిని వదిలిపెట్టారు అని అడగడం నేర్చినవాడే చరిత్ర విద్యార్థి. విగ్రహపు పీఠం మీద పేరుతోపాటు ‘ఊహాచిత్రం’ అన్న ఒక్క మాట చెక్కితే విగ్రహానికి లోటు రాదు, చూసేవానికి మేలు కలుగుతుంది.

ఇందుకు బడిలోనే చేయదగిన అభ్యాసమొకటున్నది. చెరువు నుండి తెచ్చిన పిడికెడు మట్టితో ప్రతి విద్యార్థి అవ్వైయార్ తలను చేయవచ్చు. ఒకరు వృద్ధురాలిని చేస్తారు, మరొకరు యువతిని చేస్తారు. ఒకరి చేతిలో ఆమె నవ్వుతుంది, మరొకరి చేతిలో అదియమాన్ కోసం దుఃఖిస్తుంది. ముప్పై మంది చేస్తే ముప్పై ముఖాలు వస్తాయి. వాటిని వరుసగా పెట్టి, ఏ ముఖానికి ఏ పాట ఆధారమో చెప్పమంటే సాహిత్యం, చరిత్ర, శిల్పం మూడూ ఒకే గంటలో నేర్చినట్లవుతుంది. తమిళదేశంలో తెలుగు చదువుకొంటున్న పిల్లలకు ఇందులో మరొక లాభమున్నది. ఎర్రగుడి బండ మీద ఉన్న సతియపుత్రుడే తమ ఊరి అదియమాన్ అని, తమ ఇంటిలో పిలిచే అవ్వ మాటే ఆ కవయిత్రి పేరులోనూ ఉన్నదని వారు గ్రహిస్తారు. రెండు భాషల చరిత్రా తమదేనన్న ఎరుక కలుగుతుంది.

తగడూరు వీరునికి ఆయన కాలపువారు ముఖం లేని రాయి నాటి, నెమలి ఈక కట్టి తృప్తిపడ్డారు. మన కాలపువారు ముఖం కావాలన్నారు, శిల్పులు ఇచ్చారు. ఆ ముఖాన్ని గౌరవించవచ్చు. దాని వెనుక ఉన్న పాటను చదవడం మాత్రం మానకూడదు. ఆయనను నిజంగా చూసినవారి మాట మనకు ఆ పాటలోనే మిగిలి ఉన్నది.